గిన్నెడు బువ్వ, కుంటనిండా గుర్రపుడెక్క

చేపల శాఖలో పనిచేసేవాడికి ఏ ఊరికి వెళ్లినా ముందు కుర్చీ దొరుకుతుంది, తర్వాత చాయ్ దొరుకుతుంది. చేపలు ఎట్లా ఉన్నాయో చూడటం ఆ రెండింటి తర్వాతే. నేను ముప్పై రెండేళ్లు సిద్దిపేట చుట్టుపక్కల మండలాల్లో ఫీల్డ్ మనిషిగా తిరిగాను. చెరువుల్లో చేప పిల్లలను వదలడం, తోటల్లోనో ఇంటి వెనకో చిన్న కుంట తవ్వుకుని చేపలు పెంచుకునే వాళ్లకు సలహాలు చెప్పడం నా పని. ఎన్ని వందల ఇళ్లలో చాయ్ తాగానో చెప్పలేను.

రిటైరై రెండేళ్లయింది. నా జాగాలో ఇప్పుడు సుమలత అనే అమ్మాయి పనిచేస్తోంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం అనుభవాలు రాసిపెట్టమని ఆమే అడిగింది. ఏ చేపకు ఎంత దాణా వెయ్యాలి, ఏ నీళ్లకు ఎంత సున్నం చల్లాలి అన్నవి పుస్తకాల్లో ఉన్నాయి, అవి నేను రాయను. నాకొచ్చిన శాలువాల గురించి కూడా రాయను, అవి ఇంట్లో పరుపుల కిందికి పనికొస్తున్నాయి. నేను రాసేది ఒక తోటలోని ఒక కుంట గురించి. ఆ కుంటను నేను పాడుచేశాను. చేసిన తప్పును ఒక ఆడమనిషి నెత్తిన పెట్టి ఇంటికొచ్చి అన్నం తిన్నాను. సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మీలో ఎవరైనా రేపు ఇదే కుర్చీలో కూర్చుంటారు.

రాజలింగం సార్ పద్ధతి

నౌకరీలో చేరినప్పుడు నా పై అధికారి రాజలింగం సార్. ప్యాంటు ఎప్పుడూ మోకాళ్ల దాకా మడిచే ఉండేది. మీటింగులకు కూడా అట్లాగే వచ్చి తిట్లు తినేవాడు. ఆయనకొక పట్టుదల ఉండేది. ఏ ఇంటికి వెళ్లినా ముందు నేరుగా నీళ్ల దగ్గరికి నడిచేవాడు. వంగి మోచేతి దాకా చెయ్యి ముంచి, అడుగు మట్టి ఇంత తీసి వాసన చూసేవాడు. ఆ తర్వాతే చెయ్యి కడుక్కుని కుర్చీలో కూర్చునేవాడు. అప్పటిదాకా చాయ్ గ్లాసు ముట్టేవాడు కాదు. తెచ్చిన ఇల్లాలు గ్లాసు పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. నాకు అది మొరటుతనంగా కనిపించేది.

ఒకసారి నేను ముందే తాగేశాను. బండి మీద తిరిగి వస్తూ అన్నాడు: "నీళ్లల్ల చెయ్యి పెట్టకముందు చాయ్ తాగకు. తాగినంక ఆ ఇంటోళ్లకు ఇంపైన మాటనే నోట్లకెళ్లి వస్తది." నేను సరే సార్ అన్నాను. ముసలాయన చాదస్తం అని లోపల నవ్వుకున్నాను.

వర్గల్ దగ్గర పూలు పండించే ఒకాయన తోటలో చిన్న కుంట ఉండేది. దాని నిండా గుర్రపుడెక్క అల్లుకుంది. చూడని వాళ్ల కోసం చెబుతాను. నీళ్ల మీద తేలే మొక్క అది. కాడ మధ్యలో బుర్రలాగా ఉబ్బి ఉంటుంది, కింద నల్లటి వేర్లు జడల్లా వేలాడుతుంటాయి, వంగపండు రంగులో అందమైన పూవు పూస్తుంది. మన దేశపు మొక్క కాదు. పూవు బాగుందని ఎవరో ఎక్కడినుంచో తెచ్చుకుంటే దేశమంతా పాకింది. ఒక్క మొక్క ఉంటే కొన్ని వారాల్లో పక్కన పిల్లలు పెట్టి చాపలా పరుచుకుంటుంది. దాని కింద నీళ్లకు ఎండ తగలదు, గాలి ఆడదు.

ఆ తోట ఆయన గడ్డి మందు డబ్బా తెచ్చి సిద్ధంగా పెట్టుకున్నాడు. రాజలింగం సార్ దాన్ని ముట్టనివ్వలేదు. కుంటకు అడ్డంగా తాడు కట్టించి మూడు భాగాలు చేశాడు. మొదటి ఆదివారం ఒక భాగం, వారం ఆగి ఇంకో భాగం, మళ్లీ వారం ఆగి మూడో భాగం. నన్నూ దింపాడు. మొక్కను లాగగానే ఒడ్డు మీదికి విసరనిచ్చేవాడు కాదు. వేర్లను నీళ్ల బకెట్లో జాడించమనేవాడు, వేర్ల మధ్య చేప పిల్లలు దాక్కుని ఉంటాయి కాబట్టి. నాకు నడుం పడిపోయింది. ఇంత కష్టం ఎందుకు, ఒక్కసారి మందు కొడితే పోయేది కదా అని గొణిగాను. సార్ విన్నాడు. చచ్చిన గడ్డి నీళ్లలో కుళ్లితే నీళ్లకు ఊపిరాడదని, నీళ్లకు ఆడకపోతే చేపకూ ఆడదని చెప్పాడు. మూడు ఆదివారాలకు కుంట తేటపడింది. ఒక్క చేప చావలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశాను అని చెప్పుకునే దారి నాకు లేదు. అంతా నాకు నౌకరీలో చేరిన మొదట్లోనే నేర్పారు.

పూవు బాగుందని

ధూళిమిట్ట అవతల ఒక పల్లెలో కిష్టయ్య గౌడ్ అని ఉన్నాడు. తాళ్లు ఎక్కి కల్లు గీసిన మనిషి. ఒక పొద్దు చెట్టు మీంచి పడి నడుం, తొంటి విరిగాయి. దవాఖానలో నెలలు పడుకుని లేచాడు కానీ మళ్లీ చెట్టు ఎక్కలేదు. ఒంగడం కూడా రాదు. పొద్దంతా ఆకాశానికి దగ్గర్లో బతికినవాడు మంచం మీద కూర్చుని ఏం చేస్తాడు? ఇంటి వెనక జామ, నిమ్మ చెట్లున్న తోటలో ఒక కుంట తవ్వించుకున్నాడు. పెద్దదేం కాదు, రాయి విసిరితే అవతలి ఒడ్డు దాటుతుంది. అందులో చేపలు పెంచితే బాగుంటుందని ఎవరో చెబితే నన్ను పిలిపించాడు.

అతని భార్య ఎల్లవ్వ. ఆ ఇంట్లో పనంతా ఆమెదే. కూలికి పోయేది, తోట చూసేది, కుంటలోకి దిగేదీ ఆమే. ఊళ్లో పెళ్లయినా చావైనా వంటకు ఎల్లవ్వను పిలిచేవాళ్లు. వందమందికి ఎన్ని బియ్యం పొయ్యాలో కంటితో చూసి చెప్పేది. వడ్డించేటప్పుడు ఎవరి విస్తరిలో ఏది అయిపోయిందో అడగకుండానే తెలిసేది. ఆ ఊళ్లో ఆమెకున్న పేరు అది.

చేప పిల్లలను నేనే సంచుల్లో తెచ్చి వదిలాను. రవ్వులు, బంగారు తీగలు. దార్లో ఒక చెరువు దగ్గర నీళ్లు మార్చాను. ఆ నీళ్లతో పాటు రెండు చిన్న గుర్రపుడెక్క మొక్కలు సంచిలోకి వచ్చాయి. కుంటలో సంచి కుమ్మరించినప్పుడు అవి తేలాయి. ఒకదానికి మొగ్గ ఉంది. ఎల్లవ్వ వాటిని చేతిలోకి తీసుకుని, వీటిని పారెయ్యాలా ఉంచాలా అని అడిగింది. నేను కుర్చీలో ఉన్నాను, చేతిలో చాయ్ ఉంది. పూవు బాగుంటుంది ఉండనివ్వు, బతుకమ్మలో కూడా పెట్టుకోవచ్చు అని నవ్వుతూ చెప్పాను. ఆమె వాటిని మళ్లీ నీళ్లలో వేసింది.

నా మొదటి తప్పు అదే. చాలా చిన్నది, చాయ్ ఒక గుక్క తాగేంతలో అయిపోయింది. పైగా చేపలు తొందరగా పెరుగుతాయని పెండ నీళ్లు కలపమని కూడా చెప్పి వచ్చాను. ఆ ఎరువంతా చేపల కంటే ముందు గుర్రపుడెక్కే తిన్నది.

చేపలు పెరిగాయి. కిష్టయ్యకు అదొక లోకమైంది. ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పొద్దున్నుంచి మాపటిదాకా అక్కడే కూర్చునేవాడు. చేపలను అమ్మమంటే ఒప్పుకునేవాడు కాదు. ఒక పెద్ద రవ్వు అతను కర్రతో నీళ్ల మీద తట్టగానే వచ్చేది. దాన్ని మా పెద్దోడు అనేవాడు. చెట్టు మీంచి పడ్డాక ఆయన నవ్వింది ఆ కుంట దగ్గరే అని ఎల్లవ్వ నాకు చెప్పింది.

గడ్డి మందు

రెండో ఎండాకాలానికి కుంట కనిపించకుండా పోయింది. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా పచ్చటి ఆకులు. పొద్దుపొద్దున చేపలు ఆకుల సందుల్లోంచి నోళ్లు పైకి పెట్టి గాలి మింగుతున్నాయని కిష్టయ్య ఫోన్ చేశాడు. మూడుసార్లు చేశాక వెళ్లాను. ఆ రోజు నాకు మధ్యాహ్నం మీటింగు ఉంది. బండి ఆపకముందే కుర్చీ వచ్చింది, చాయ్ వచ్చింది. కుర్చీలోంచే కుంటను చూశాను. పది అడుగుల దూరం కూడా లేదు నీళ్లకు. లేవలేదు.

గడ్డి మందు కొట్టించమన్నాను. మందు ఏ దుకాణంలో దొరుకుతుందో, పంపుకు ఎంత కలపాలో చెప్పాను. ఎల్లవ్వ గుంజకు ఆనుకుని నిలబడి వింటోంది. ఆమె అంది:

"మేం నలుగురం ఆడోళ్లం దిగి ఇంత ఇంత తీస్తం సారూ. ఓ పదిహేను రోజులు పడ్తది గని, చేపలున్నయి గద, మందు ఎందుకు?"

ఒక్క అక్షరం తప్పులేదు ఆ మాటలో. రాజలింగం సార్ నోట్లోంచి వచ్చినట్టే ఉంది. నేనేమన్నానో అదీ రాస్తాను. "మందు అంటే మందే ఎల్లవ్వా, ఇషం కాదు. ఒక్క దినంల అయ్యే పనికి పదిహేను రోజులెందుకు? మేం గీ సదువు ఊకెనే సదివినమా?" అన్నాను. కిష్టయ్య నవ్వాడు. సార్‌కు తెలియదా, నీకు తెలుసా అని భార్యను మందలించాడు. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

మనకు మందు అనే మాట ఒకటే ఉంది. జ్వరానికి వేసుకునేదీ మందే, పురుగును చంపేదీ మందే, గడ్డిని చంపేదీ మందే. వినేవాడు మేలు చేసేదనే అనుకుంటాడు. నేను ఆ మాట వెనక దాక్కున్నాను. ఆ డబ్బా మీద చెరువుల్లో, కుంటల్లో వాడకూడదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది నేను చదివినవాడినే. మీటింగుకు ఆలస్యం కాలేదు. ఆ మీటింగులో ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు.

ఆ పొద్దు

మందు కొట్టిన మూడు రోజులకు ఆకులు పసుపు పచ్చబడ్డాయని, వారానికి మాడిపోయాయని కిష్టయ్య సంతోషంగా ఫోన్‌లో చెప్పాడు. తర్వాత మొక్కలు మెత్తబడి నీళ్లలో కుంగాయి. రెండు రోజులు మబ్బు పట్టి గాలి లేదు. పదో పదకొండో రోజు తెల్లవారి ఎల్లవ్వ ఫోన్ చేసింది. ఎప్పుడూ ఆయనే చేసేవాడు, కాబట్టి గొంతు వినగానే ఏదో అయిందని తెలిసింది.

వెళ్లేసరికి కుంట మీద తెల్లగా ఉంది. చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. కొన్ని ఇంకా పక్కకు ఒరిగి నోరు తెరుస్తున్నాయి. కిష్టయ్య కుర్చీలో కూర్చుని కర్రతో నీళ్లు తడుతున్నాడు. పెద్దోడు రాలేదు. అది అవతలి ఒడ్డున మురిగిన కాడల మధ్య ఇరుక్కుని ఉంది, నాకు కనిపించింది.

ఆ రోజు ఎవరూ చెప్పకుండానే వంగి నీళ్లలో చెయ్యి పెట్టాను. చెయ్యి బయటికి తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టింది. నాకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. గడ్డి మొత్తం ఒకేసారి చచ్చింది, అడుగున కుళ్లింది, నీళ్లలోని ఊపిరంతా అది తాగేసింది. మందు విషం ఎంత చేసిందో కూడా చెప్పలేను. నీళ్లలో ప్రాణవాయువు ఎంత ఉందో చూసే చిన్న పెట్టె నా సంచిలోనే ఉంది. నేను దాన్ని తెరవలేదు.

తోట చుట్టూ జనం పోగయ్యారు. ఎందుకు చచ్చాయి సారూ అని ఒకాయన అడిగాడు. నేను ఎల్లవ్వ వైపు తిరిగి, నిన్న మాపు చేపలకు ఏం వేశావు అన్నాను. చేపలు డీలాగా ఉన్నాయని ఇంట్లో మిగిలిన బువ్వ గిన్నెడు వేశానని చెప్పింది. నాకు ఆ గిన్నె దేవుడు ఇచ్చినట్టుగా దొరికింది.

"గదే. అన్నం పులిసింది. నీళ్లు ఖరాబైనయి."

మూడు ముక్కలు. జనం అంతా ఆమె వైపు తిరిగారు. కిష్టయ్య కర్ర తట్టడం ఆపాడు. ఎల్లవ్వ తన చేతులను ఒకసారి చూసుకుంది, కొంగుతో తుడుచుకుంది.

ఎవరో చేపలను కూరకు తీసుకుంటామంటే వద్దన్నాను. మందు సంగతి చెప్పలేను కదా, పాచిపోయిన బువ్వ తిని చచ్చినవి తినకూడదు అన్నాను. ఒక అబద్ధానికి ఇంకొకటి. నిమ్మచెట్టు కింద గుంత తవ్వి పూడ్చిపెట్టారు. గంపలు మోసింది ఎల్లవ్వే.

ఆ అబద్ధం ఎందుకు చెప్పానని మీరు అడగొచ్చు. నేనూ నన్ను చాలాసార్లు అడిగాను. నిజం చెబితే వాళ్లు నా మీద దరఖాస్తు పెట్టేవాళ్లా? పెట్టేవాళ్లు కాదు. రిటైర్మెంటుకు ముప్పొచ్చేదా? వచ్చేది కాదు. సార్‌కు అన్నీ తెలుసు అని ఆ నలుగురు అనుకునే మాట పోతుందని భయపడ్డాను. అంత చిన్నదానికి అంత పెద్ద పని చేశాను. ఆ తర్వాత నౌకరీలో ఉన్నన్ని రోజులు ఆ ఊరి దారి తప్పించుకుని తిరిగాను.

గడ్డి ఎట్లా తీయాలి

సుమలత ఈ భాగం వివరంగా రాయమంది. వివరం పెద్దగా లేదు, ఓపిక ఉంటే చాలు.

చేపలున్న కుంటలో గడ్డి మందు వద్దు. ఎవరు చెప్పినా వద్దు, నాలాంటి పాత మనిషి చెబితే అసలే వద్దు. చేత్తో, దంతెతో, జల్లెడ వలతో తీయండి. ఒకేసారి అంతా పెకిలిస్తే అడుగు బురద లేచి నీళ్లు కలుషితమవుతాయి, అందుకే మూడో వంతు తీసి వారం ఆగండి. తీసిన జాగాలోకి మళ్లీ పాకకుండా వెదురు బొంగో, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టిన తాడో అడ్డం వేయండి. వేర్లు జాడించండి. తీసిన గడ్డిని ఒడ్డునే వదిలితే దాని రసం మళ్లీ కుంటలోకే కారుతుంది, దూరంగా ఎండలో పరిచి పూర్తిగా ఎండనివ్వండి, తర్వాత ఎరువు గుంతలో వేసుకోవచ్చు. పక్క చెరువులో మాత్రం పారెయ్యకండి. మన ఇంటి పీడ పక్కింటికి పోస్తే అది తిరిగి మనింటికే వస్తుంది.

నీళ్లలోకి దిగేవాళ్లు ఒంటరిగా దిగకూడదు, ఆ వేర్లు కాళ్లకు చుట్టుకుంటాయి. పాములు కూడా ఉంటాయి. గడ్డి తీసే వారాల్లో దాణా తగ్గించండి. పొద్దున్నే వెళ్లి చూడండి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మోటారు పెట్టి నీళ్లను పైనుంచి చిమ్మించండి. పిడికెడు మొక్కలు మిగిలినా నెలలో మొదటికొస్తుంది, కాబట్టి వారానికొకసారి ఒడ్డు చుట్టూ తిరిగి ఏరేయాలి. అసలు ఆ గడ్డి ఎందుకు అంతగా పెరిగిందో అడగండి. పెండ నీళ్లో, పొలం ఎరువో కుంటలోకి వస్తుంటే దాన్ని ఆపకుండా గడ్డిని ఎన్నిసార్లు తీసినా వృథా.

చేప పిల్లల సంచి కుమ్మరించేముందు లోపల ఏముందో చూడండి. పూవు బాగుందని ఒక్క మొక్కను కూడా ఉంచకండి.

ఇదంతా ఎల్లవ్వకు చదువు లేకుండానే సగం తెలుసు.

సుమలత ప్రశ్న

పోయిన నెల సుమలత ఫోన్ చేసింది. ధూళిమిట్ట వైపు వెళ్లిందట. ఒక ఊళ్లో కుంటలను గురించి మాట్లాడుతుంటే అందరూ నవ్వుతూ ఒకావిడను చూపించారట. బువ్వ ఎల్లవ్వను అడగండి మేడం, చేపలను బువ్వ పెట్టి చంపింది అన్నారట. మొదట నాకు చెవిలో ఆ పేరే ఆగిపోయింది. బువ్వ ఎల్లవ్వ. నేను వదిలివచ్చిన మూడు ముక్కలకు ఊరు పెట్టిన పేరు.

సుమలత ఇంకా చెప్పింది. ఎల్లవ్వ ఇప్పుడు పెళ్లిళ్లకు వంట చేయడం లేదట. వడ్డించబోతే, మమ్మల్ని కూడా చేపల లెక్క చేస్తావా అని ఎవడో ఒకడు అంటాడట. ఊరికే అనేదే, పగతో కాదు. అయినా ఆమె పోవడం మానేసింది. ఆ తర్వాత అమ్మాయి మామూలుగానే అడిగింది:

"సార్, నాకొక డౌటు. గిన్నెడు అన్నానికి కుంటెడు చేపలు చస్తాయా?"

చావవు. చదువుకున్న పిల్లకు తెలుసు చావవని. నేను జవాబు దాటవేయడంతో ఆమెకు ఇంకేదో కూడా తెలిసి ఉంటుంది. తర్వాత చెబుతాను అని ఫోన్ పెట్టేశాను. మీతో దాచడం ఎందుకు, ఆ అమ్మాయి అడగకపోతే నేను ఆ ఊరికి వెళ్లేవాడిని కాదు. నా అంతట నాకు బుద్ధి వచ్చి వెళ్లానని ఎవరూ అనుకోవద్దు.

గట్టిగా

మర్నాడు పొద్దున బయలుదేరాను. ఊళ్లోకి వెళ్లాక సందు గుర్తు రాలేదు. గోడ అవతల బట్టలు ఆరేస్తున్న ఒకామెను కిష్టయ్య గౌడ్ ఇల్లు అడిగాను. "బువ్వ ఎల్లవ్వ ఇల్లా? గిదే, పక్కదే" అంది.

కిష్టయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టి ముఖమంతా వెలిగించుకుని, సారు వచ్చిండు, కుర్చీ తేవే అని లోపలికి కేకేశాడు. ఎల్లవ్వ కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు. నేరుగా తోటలోకి నడిచాను. కుంట సగం పూడిపోయింది. ఉన్న కాసిన్ని నీళ్ల మీద మళ్లీ అదే గుర్రపుడెక్క, అదే పూవు. మోచేతి దాకా చెయ్యి ముంచాను. రాజలింగం సార్ చూస్తే ఏమనేవాడో నాకు తెలుసు. తడి చెయ్యితోనే తిరిగి వచ్చి వాళ్లిద్దరి ముందు నిలబడ్డాను.

నేను కిష్టయ్యతోనే చెప్పాలని వచ్చాను, నోరు మాత్రం ఎల్లవ్వ వైపే తిరిగింది. చేపలు నీ బువ్వతో చావలేదు ఎల్లవ్వా, నేను కొట్టించిన మందుతో చచ్చాయి, ఆ రోజే నాకు తెలుసు, తెలిసే నీ మీద వేశాను అని చెప్పాను. గడ్డి మొక్కలు కూడా నా సంచిలోనే వచ్చాయని చెప్పాను. దార్లో చాలా మాటలు పేర్చుకున్నాను, అవేవీ రాలేదు. గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది.

కిష్టయ్య చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, సారు ఏమంటుండే అని భార్యను అడిగాడు. ఎల్లవ్వ నన్నే చూస్తూ ఉంది. ముఖంలో కోపం ఉందా అంటే, అదీ నాకు తెలియలేదు.

"గట్టిగ చెప్పున్రి సారూ. ఆయనకు సక్కగ వినపడది."

మళ్లీ చెప్పాను. ఇంకా గట్టిగ అంది. మూడోసారి అరిచినట్టే చెప్పాను. చేపలను సంపింది నేను, ఎల్లవ్వ కాదు, నేను అబద్ధం చెప్పిన అని. గోడ అవతల బట్టలు దులుపుతున్న చప్పుడు ఆగిపోయింది. సందులో పోతున్న ఇద్దరు నిలబడ్డారు. ముప్పై రెండేళ్లు మీటింగుల్లో మైకు పట్టుకుని మాట్లాడినవాడిని, అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

కిష్టయ్య తల వంచుకున్నాడు. తర్వాత భార్యను చూడబోయాడు, చూడలేకపోయాడు. ఇన్నేళ్లూ వచ్చినవాళ్లందరికీ ఆ బువ్వ కథ నవ్వుతూ చెప్పినవాడు ఆయనే. ఏం చెయ్యాలో తోచక, ఇంటికొచ్చిన వాడికి ఎప్పుడూ ఏం చేస్తారో అదే అన్నాడు. "ఎల్లవ్వా, సారుకు చాయ్ పెట్టు."

"పెట్ట" అంది ఎల్లవ్వ.

పెట్టనని చెప్పడానికి గొంతు పెంచలేదు. గుంజకు ఆనుకుని అట్లాగే నిలబడింది. కిష్టయ్య మళ్లీ చెప్పలేదు. ఇన్నేళ్లలో నాకు చాయ్ ఇవ్వని ఇల్లు అదొక్కటే. అక్కడ ఇంకో మాట అనడానికి నాకు హక్కు లేదని తెలిసి, దండం పెట్టి బయటికి వచ్చాను. క్షమించమని అడగాలని కూడా అప్పుడు తోచలేదు. తోచకపోవడమే మంచిదైంది, అడిగి ఉంటే అదీ ఆమె మీద ఇంకో బరువయ్యేది.

బండి తాళం జేబులో వెతుక్కుంటుంటే గోడ అవతలి ఆమె పిలవడం వినిపించింది.

"ఓ ఎల్లవ్వా."

పేరు ముందు బువ్వ లేదు. ఎల్లవ్వ పలకలేదు. అది తననే అని తెలియడానికి ఆమెకు కాసేపు పట్టింది. పక్కింటామె రెండోసారి పిలిచాక పలికింది.